స్నానం తర్వాత రాసుకోవలసిన మందు

నేను ఒక డబ్బాడు జిగురును. చదువుకున్నవాళ్లు నన్ను జెల్ అంటారు. తేనె రంగులో ఉంటాను. వేలితో తీస్తే వణుకుతాను. నాలో పదింట తొమ్మిది పాళ్లు నీళ్లే. మిగిలిన ఆ ఒక్క పాలు కోసమే ఈ కథంతా.

నన్ను చేసింది సలోమి. కోనసీమలో ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆమె తల్లి జీడిపిక్కల బట్టీలో పిక్కలు కొట్టి బతికింది. జీడి రసం తగిలి ఆవిడ అరచేతులు ఎప్పుడూ పొక్కిపోయి, తోలు ఊడిపోయి ఉండేవి. ఆ చేతులతోనే కూతురికి జడ వేసేది. ఒక చెట్టు కాల్చిన చేతిని ఇంకో చెట్టు చల్లార్చలేదా అని సలోమి చిన్నప్పుడే అనుకుందట. అనుకోవడం అందరూ అనుకుంటారు. ఈమె పట్టుబట్టింది.

నా పుట్టుక ఓపికతో కూడిన పని. తెల్లటి సన్నని పొడి ఒకటి ఉంటుంది. దాన్ని నీళ్లలో ఒక్కసారిగా గుమ్మరిస్తే ఉండలు కడుతుంది. ఉప్మాలో రవ్వ పోసినట్టు కొంచెం కొంచెంగా చల్లుతూ తిప్పాలి. తర్వాత నాననివ్వాలి. పొడి ఉబ్బి, కంటికి కనబడని వల అవుతుంది. ఆ వలలో నీళ్లు చిక్కుకుంటాయి. నీళ్లతోపాటు సరస్వతి ఆకు సారం, పసుపు సారం, కలబంద గుజ్జు చిక్కుకుంటాయి. చివర క్షారం చుక్కచుక్కగా వేస్తే, అప్పటిదాకా గంజిలా ఉన్నది చటుక్కున గట్టిపడుతుంది. ఒక్క చుక్క ఎక్కువైందా, పసుపు పారాణిలా ఎర్రబడుతుంది. అలా ఎర్రబడిన నా అన్నలూ అక్కలూ ఎంతమంది సింకులో కలిసిపోయారో సలోమికే తెలియాలి. నేను ఎర్రబడలేదు. అందుకే బతికాను.

నా పని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మండుతున్న చర్మం మీద పలచగా రాస్తే నా నీళ్లు మెల్లగా ఆరుతూ దాన్ని చల్లబరుస్తాయి. ఆకుల సారం లోపలికి దిగి వాపు తగ్గిస్తుంది. నేను అడిగేది ఒక్కటే. రాసి వదిలెయ్యండి. అదొక్కటే మనుషులకు చేతకాదు.

చయనులు కాలేజీకి వచ్చింది ఉచిత వైద్య శిబిరం రోజున. వంటబ్రాహ్మడు. ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లకు, ఊళ్లో వేణుగోపాలస్వామి గుడికి వండిపెడతాడు. మనిషి గట్టివాడు, మాట ఇంకా గట్టిది. పైపంచ తీసి వీపు చూపించాడు. ఎర్రటి దద్దుర్లు, మీద పొట్టు, గోకిన చోట రక్తపు చారలు. మోచేతుల మీదా అంతే.

శిబిరంలో చర్మాల డాక్టరు చూశాడు. "ఎగ్జిమా అండి. అంటుకునేది కాదు. పొయ్యి సెగకీ చెమటకీ పెరుగుతోంది."

"అంటుకోదని నాకు చెబితే ఏం లాభం? పంక్తిలో కూర్చునేవాళ్లకి చెప్పండి" అన్నాడు చయనులు.

సంగతేమిటంటే, మడితో వండేవాడు చొక్కా వేసుకోడు. ఒక పెళ్లిలో గుండిగ దగ్గర ఆయన వీపు చూసి మగపెళ్లివారిలో ఎవరో విస్తరి ముందు నుంచి లేచిపోయారు. ఒకరు లేస్తే పదిమంది లేస్తారు. ఆ తర్వాత పెళ్లిళ్లకు పిలుపులు ఆగిపోయాయి. గుడి ఒక్కటే మిగిలింది. దాని ధర్మకర్త వర్మగారు కూడా మొహం మీదే చెప్పేశాడు. స్వామివారి కల్యాణం నాటికి వీపు శుభ్రపడితే పోటులో వంట చయనులుదే. లేకపోతే ఇంకో వంటవాడు కామేశానిది. పోటంటే గుడి వంటిల్లు. అది పోతే ఆయనకు ఊళ్లో ఇంకే పనీ లేదు. ఇంట్లో పలకరించే మనిషీ లేదు. భార్య విశాలాక్షి పోయింది.

సలోమి నన్ను ఆయన చేతిలో పెట్టి చెప్పింది. "బాబాయిగారూ, స్నానం చేశాక, ఒళ్లు కాస్త తడిగా ఉన్నప్పుడే పలచగా రాసుకోండి. వీపుకి ఎవరిచేతైనా రాయించుకోండి. రాశాక తుడవకండి."

"అలాగేనమ్మా" అన్నాడు. మనుషులు ఈ మాట ఎంత తేలిగ్గా అంటారో నాకు అప్పటికి తెలియదు.

ఇంటికి తీసుకువెళ్లి నన్ను లోపల పెట్టలేదు. వీధి కిటికీలో పెట్టాడు, చెప్పుల పైన. ప్లాస్టిక్ డబ్బా, ఎవరో చేసిన వస్తువు, మడికి పనికిరాదు. సరే, కిటికీ నుంచి వీధి బాగా కనిపిస్తుంది. నాకు అభ్యంతరం లేదు.

మర్నాడు తెల్లవారగానే నన్ను తీశాడు. మోచేతులకు రాసుకున్నాడు. వీపు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అందలేదు. పై నుంచి వెనక్కి వంచాడు. కింది నుంచి పైకి తిప్పాడు. భుజం పట్టేసింది. మూలుగుతూ కాసేపు నిలబడి, చివరికి నన్ను వసారా స్తంభానికి పులిమి, దానికి వీపు ఆనించి గేదెలా అటూ ఇటూ రాచుకున్నాడు. స్తంభానికి కొత్తగా సున్నం కొట్టి ఉంది. సున్నం, నేను, చెమట, పొట్టు, అన్నీ ఒకటే ముద్ద.

అంతటితో ఆగితే నేనేమైనా చేసి ఉండేదాన్ని. ఆయన తిన్నగా నూతి దగ్గరికి వెళ్లి చేదతో నీళ్లు తోడి నెత్తిన గుమ్మరించుకున్నాడు. ఒక చేద, ఇంకో చేద. నేను ఆ నీళ్లలో కాలవకట్టి దొడ్లో అరటి పాదులోకి పోయాను. రోజూ ఇదే తంతు. ఆ అరటిచెట్టుకు చర్మవ్యాధి ఏదైనా ఉండి ఉంటే ఈపాటికి నయమై ఉండాలి.

రెండు వారాలకు సలోమి దగ్గరికి వెళ్లాడు. ఆమె వీపు చూసి మొహం చిన్నబుచ్చుకుంది. శిబిరంలో ఈ మందు తీసుకున్న మిగిలినవాళ్లందరికీ తగ్గింది. ఈయనకు పిసరంత కూడా తగ్గలేదు.

"రోజూ రాశారా?"

"రోజూ రాశాను. నీ మందులో పస లేదమ్మాయ్."

ఆమె నా మూత తీసి వాసన చూసింది. వేళ్ల మధ్య నలిపింది. కాగితం ముక్క ముంచి క్షారం ఎక్కువైందేమో చూసింది. నాలో ఏ లోపమూ లేదు. మాట్లాడగలిగితే చెప్పేసేదాన్ని. తన చేతిపనిని తానే అనుమానించుకుంటూ నిలబడిన ఆమెను చూస్తే నాకు జాలేసింది. అప్పుడు ఆమె చూపు ఆయన వీపు మీద ఆగింది.

"బాబాయిగారూ, వీపుకి సున్నమేమిటండీ?"

చయనులు గొంతు సవరించుకున్నాడు. "స్తంభం."

"స్తంభమేమిటి?"

"వీపు అందక దానికేసి రాచుకుంటున్నాను. ఇంట్లో ఇంకెవరున్నారని? స్నానం చేస్తే అదంతా పోతుందనుకో. ఇవాళెందుకో కాస్త ఉండిపోయినట్టుంది."

"స్నానమా? మందు స్నానం ముందు రాస్తున్నారా?"

"ముందే. మడి కట్టుకున్నాక దీన్ని ముట్టుకుంటానా?"

సలోమి కుర్చీలో కూలబడింది. "అంటే ఇన్నాళ్లూ నా మందు మీ దొడ్లో పారబోశారన్నమాట."

"పారబోయలేదమ్మా. కడుక్కున్నాను."

నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది. "ఇందులో ఉన్నవి ఆకులూ పసుపూ నీళ్లేనండి. మడికి ఏవిటి అడ్డం?"

"నీళ్లేగా. ఎవరు పోసిన నీళ్లు?"

సలోమి మూత బిగించింది. ఆమెకు కోపం వచ్చిందని ఆ బిగింపులో నాకు తెలిసింది.

"నేను పోసిన నీళ్లండి. నేనే ఆకు కడిగాను. నేనే కలిపాను. నా పేరు మీకు తెలుసు. మా అమ్మ పేరు రాహేలమ్మ. మా పేట ఏదో కూడా చెప్పాలంటే చెబుతాను. రాసుకుంటే స్నానం తర్వాత రాసుకోండి. లేకపోతే ఇక్కడికి రావడం మానెయ్యండి. మీ అరటిచెట్టుకి నేను మందు చెయ్యలేను."

చయనులు లేచాడు. పంచ భుజాన వేసుకున్నాడు. ఆమె మాత్రం ఖాళీ కావచ్చిన డబ్బాను మళ్లీ నిండా నింపి ఆయన గుడ్డసంచిలో పడేసింది. కోపంలోనూ పని మరవని మనిషి.

ఇల్లు చేరి నన్ను మళ్లీ కిటికీలో పెట్టాడు. మర్నాడు ముట్టుకోలేదు. ఆ మర్నాడూ లేదు. వీపు గోడకేసి గీరుకుంటూ కూర్చున్నాడు. కల్యాణం దగ్గర పడుతోంది. ఒక మధ్యాహ్నం కామేశం వచ్చాడు.

కామేశం ఎవరో చెప్పాలి. చయనులు దగ్గర పని నేర్చుకున్నవాడే. పొయ్యి వెలిగించాక ఏం జరిగినా దాన్ని వదిలి కదలకూడదని చయనులు నేర్పాడు. కామేశం బాగా నేర్చుకున్నాడు. విశాలాక్షి పోయిన రోజున కామేశం ఒక పెళ్లివంటలో ఉన్నాడు. కబురు అందింది. వడ్డన అయ్యేదాకా కదల్లేదు. వచ్చేసరికి దహనం కూడా అయిపోయింది. అప్పటినుంచి చయనులు వాడితో మాట్లాడడు. ఇప్పుడు పెళ్లిళ్లన్నీ వాడివే.

"బాబాయ్" అన్నాడు కామేశం గుమ్మంలో నిలబడి.

చయనులు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"వర్మగారు కబురంపారు. కల్యాణానికి నన్ను రమ్మంటున్నారు."

చయనులు తల తిప్పి కిటికీలో ఉన్న నా వంక చూశాడు. "ఒరే డబ్బా, వెళ్లి వండుకోమను. మధ్యలో నన్నడగడం దేనికి?"

కామేశం తెల్లబోయాడు. వాడూ నావైపే తిరిగాడు. "డబ్బాగారూ, నేను ఒప్పుకోలేదని చెప్పండి. నేను పులిహోర చేస్తే జనం మూతి ముడుస్తారు."

"మూతి ముడవడమా? డోకుతారని చెప్పు."

"నిజమేనంటున్నాడని చెప్పండి."

నా బతుకులో ఇంత మర్యాద ఎప్పుడూ జరగలేదు. ఇద్దరు మగవాళ్లు ఎదురెదురుగా ఉండి ఒకళ్ల మాట ఒకళ్లకు చేరవెయ్యమని ప్లాస్టిక్ డబ్బాను బతిమాలుతున్నారు.

"ఇది కూడా చెప్పు డబ్బా" అన్నాడు చయనులు. "ఆ రోజు పాడె మొయ్యడానికి నాలుగో మనిషి లేక బస్టాండులో నిలబడ్డవాణ్ని పిలుచుకొచ్చాను. పేరు కూడా అడగలేదు. ఎవడో తెలియనివాడు మోశాడు మా ఆవిణ్ని."

"పొయ్యి వదిలి లేవకూడదని నేర్పిందెవరో అడగండి డబ్బాగారూ."

"నేర్పాను. అయితే?"



కామేశం వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. చయనులు వీపు గోడకేసి గీరుకోవడం చూశాడు. గోడ మీద ఎర్రటి మరకలు చూశాడు.

"వీపు అందడం లేదా అని అడగండి."

"గోడకి అందుతోందని చెప్పు."

"మందు రాయాల్సింది ఎప్పుడట?"

"స్నానం అయ్యాకట. ఆ పిల్ల చెప్పింది."

"అయితే స్నానం చేసి రమ్మనండి. నేనిక్కడే కూర్చుంటాను."

చయనులు కదల్లేదు. వసారాలో ఎండ గుమ్మం దాకా జరిగింది. కామేశం స్తంభానికి ఆనుకుని కూర్చునే ఉన్నాడు, వీపంతా సున్నం చేసుకుని. చివరికి చయనులు లేచి దొడ్లోకి వెళ్లాడు. చేద నూతిలో పడిన చప్పుడు వినిపించింది. తడి పంచెతో వచ్చి కామేశానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

కామేశం నన్ను తీసి రాశాడు. గుండిగలు దింపీ దింపీ మొరటుబారిన చెయ్యి. అయినా పలచగానే రాశాడు. ఆ వీపు ఒక్కసారి ఉలిక్కిపడింది. విశాలాక్షి పోయాక దాని మీద మనిషి చెయ్యి పడడం అదే మొదలు. నేను చల్లగా పరుచుకున్నాను. ఈసారి నన్ను ఎవరూ కడగలేదు.

అదే ఒంటితో చయనులు పొయ్యి రాజేశాడు. అన్నం వండి దేవుడికి చూపించి తిన్నాడు. ఎందుకు మనసు మార్చుకున్నాడో నాతో చెప్పలేదు. ఆయన గొప్పవాడైపోయాడని నేను అనను. మంట ఆగాలి, పొయ్యి నిలవాలి. అంతవరకే ఆలోచించి ఉంటాడు. మనుషులు చాలా మంచిపనులు అంత ఆలోచనతోనే చేస్తారు.

కామేశం రోజూ వచ్చాడు. వాళ్లిద్దరూ రోజూ నాతోనే మాట్లాడుకున్నారు. ముందు దురద తగ్గింది. తర్వాత ఎరుపు తగ్గింది. పొట్టు రాలిపోయి కింద కొత్త చర్మం వచ్చింది.

కల్యాణం రోజు వచ్చింది. తెల్లవారకుండానే పోటులో గాడిపొయ్యి వెలిగింది. సెగ తగిలితే మళ్లీ రేగుతుందని, స్నానం కాగానే కామేశం నన్ను ఆయన వీపంతా రాశాడు. అడుగున మిగిలిన కాస్తా వేలితో గీకి మరీ రాశాడు. డబ్బాను పోటు బయట గట్టు మీద పెట్టాడు. గుండిగలో అన్నం ఉడుకుతోంది. చింతపండు పులుసు కాగుతోంది. వర్మగారు పట్టుపంచె సర్దుకుంటూ గడప దాకా వచ్చి తొంగిచూశాడు.

"ఏవండోయ్ చయనులుగారూ, వీపు భేషుగ్గా అయిపోయిందే! అద్దంలా మెరుస్తోంది. ఆ మెరుపేవిటండీ?"

"మందు."

"మడిలో మందా? ఎక్కడిదండీ?"

అబద్ధం చెప్పడం ఎంత తేలికో. నేనే నూరుకున్నానంటే సరిపోయేది. వర్మగారు దణ్ణం పెట్టి వెళ్లిపోయేవాడు. నాకు నోరుంటే ఆ అబద్ధం నేనే ఆడేసేదాన్ని. కానీ ఒకరు చేసినదాన్ని తన చేతివంటగా చెప్పుకోవడం చయనులు తన వృత్తిలో ఎన్నడూ ఎరగడు.

"కాలేజీలో సలోమి అనే అమ్మాయి చేసింది."

"సలోమి అంటే..."

"మీరనుకుంటున్నదే."

వర్మగారి మొహం మాడిపోయింది. "పోటులోకి తెస్తారా అది! స్వామివారి నివేదనండీ ఇది! తక్షణం కడుక్కు రండి."

"కడగను. కడిగీ కడిగీ చూశాను. పాతవీపే మిగిలింది."

"అయితే బయటికి నడవండి. కామేశం, గరిట అందుకో."

ఆయనకు మిగిలిన ఒక్క పొయ్యీ పోతోంది. చయనులు గరిట గుండిగ అంచున ఆనించి చేతులు తుడుచుకున్నాడు. కాళ్లు గడపవైపు కదిలాయి. కామేశం గరిట అందుకోలేదు. రెండు అరచేతులూ వర్మగారి ముందు చాపాడు.

"రోజూ రాస్తున్నది ఈ చేతులతోనేనండి. ఇందాక నిమ్మకాయలు పిండిందీ వీటితోనే. నన్ను కూడా బయటికి పొమ్మంటారా?"

బయట మేళం మొదలైంది. పందిట్లో జనం చాపలు పరుచుకుంటున్నారు. గుండిగలో ఎసరు పొంగి పొయ్యిలోకి కారి బుస్సుమంది. ఆ బుస్సుకు ముగ్గురూ ఒకేసారి అటు తిరిగారు. వర్మగారు పందిరి వైపు చూశాడు, గుండిగ వైపు చూశాడు. కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"నేనసలు ఇటు రాలేదండీ" అన్నాడు. "నేనేవీ చూళ్లేదు." వెనక్కి తిరిగి గబగబా వెళ్లిపోయాడు.

మనుషులు ఒప్పుకునే పద్ధతి అది. అంతకన్నా ఎక్కువ అడగకూడదు.

చయనులు గరిట తీసుకున్నాడు. సెగ పెరిగింది. ఆయన వీపు మీద ఉన్న నేను మెల్లగా ఆరడం మొదలుపెట్టాను. ఆకుల సారం లోపలికి దిగింది. నా నీళ్లు, సలోమి పోసిన నీళ్లు, ఆవిరై పైకి లేచాయి. అన్నం మీది ఆవిరి కూడా అటే లేచింది. పోటు కప్పు కింద రెండూ కలిసిపోయాయి. ఏది ఏదో స్వామివారు కూడా అడిగినట్టు లేదు.

భోజనాలయ్యాక ఎవరో గట్టు ఊడుస్తూ ఖాళీ డబ్బాను తీసి విస్తళ్ల గుట్ట మీదకు విసిరారు. ఇప్పుడు అక్కడే ఉన్నాను. ఎవరి విస్తరి ఏదో ఇక్కడ తెలియదు, అందరి విస్తళ్లూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కుక్కలు వచ్చి పోతున్నాయి. నా అడుగున ఇంకా కొంచెం తడి ఉంది. అది ఆరేదాకా నాకు వినబడుతుంది.

పోటు వెనక గుమ్మంలో చయనులు, కామేశం కూర్చున్నారు. మిగిలిన పులిహోర తింటున్నారు. చయనులు ఏదో చెప్పాలని గట్టు వైపు తిరిగాడు. గట్టు ఖాళీగా ఉంది. మాట చేరవెయ్యడానికి ఇంకేదైనా ఉందేమోనని అటూ ఇటూ వెతికాడు. స్తంభం దూరంగా ఉంది. చెంబు కామేశం చేతిలో ఉంది. ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాడు.

"రేపు పొద్దున్న బస్సు ఎన్నింటికిరా?"

కామేశం చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "ఎక్కడికి బాబాయ్?"

"ఆ అమ్మాయి దగ్గరికి. మందు అయిపోయింది. అడగాలి."